కోయని చోటే కిటుకు

పిల్లలూ, ఇప్పుడు మీరు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఫోన్ చూపించి రైలెక్కుతున్నారు. మీ అమ్మానాన్నల చిన్నప్పుడు టికెట్టంటే చిన్న అట్టముక్క. పొడవు 57 మిల్లీమీటర్లు, వెడల్పు 30. చొక్కా జేబులో వేస్తే అడుక్కి జారిపోయేది. ఆ కొలత ఇంగ్లండ్‌లో పుట్టింది. థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన మొదట చెక్క సామాను చేసేవాడు, తర్వాత స్టేషన్ మాస్టరయ్యాడు. వచ్చిన ప్రతి ప్రయాణికుడికీ చీటీ చేత్తో రాసివ్వడం ఎంత ఆలస్యమో, లెక్కలు ఎక్కడ తప్పుతాయో ఆయనకు కళ్లముందే కనిపించింది. అన్నీ ఒకే కొలతకు కోసి, వరుస నంబర్లు అచ్చేసిన అట్ట టికెట్లను 1830ల చివర్లో వాడకంలోకి తెచ్చాడు. ఆ కొలతే ప్రపంచమంతా పాకింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చాక మన జనం చేతుల్లోకీ అదే అట్టముక్క వచ్చింది.

దాన్ని పక్కకు నెట్టిన మార్పుల్లోనూ మన ఊరికి చోటుంది. దేశమంతటినీ కలిపే కాన్సర్ట్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతిని 1994లో మొట్టమొదట అమలు చేసింది సికింద్రాబాద్‌లోనే. 2023లో రైల్వే బోర్డు, టికెట్లు అచ్చేసే రైల్వే ప్రెస్సుల్లో మిగిలిన ఐదింటినీ మూసేయాలని నిర్ణయించింది. వాటిలో బైకుల్లా, హౌరా, షకూర్‌బస్తీ, రాయపురంతో పాటు మన సికింద్రాబాద్ ప్రెస్సు కూడా ఉంది. టికెట్టు పోతే పోయింది. ఆ టికెట్టు మీద నల్లకోటు టీసీ గారు ‘కటక్’మని ఒక గాటు పెట్టేవారే, ఆ పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇవాళ మన వంటింట్లో, మందుల షాపులో, పెళ్లి పత్రికలో ప్రతిచోటా అదే ఉంది.

టీసీ చేతిలో ‘కటక్’మనే ఆ పనిముట్టును నిప్పర్ అనేవాళ్లు. పై దవడలో చిన్న ఉక్కు ముక్క, కింది దవడలో దానికి సరిగ్గా సరిపోయే ఖాళీ. నొక్కితే పైది కిందిదాంట్లోకి దిగి, మధ్యలో ఉన్న అట్టను అదే ఆకారంలో ఊడగొడుతుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే ఆకారం. ఎవరు నొక్కినా అదే ఆకారం. కత్తెర పట్టుకున్న చేతికి నేర్పు కావాలి. ఇక్కడ ఆ నేర్పంతా ఒక్కసారి ఉక్కులో పోసి దాచారు. ఆ ఉక్కునే డై అంటారు. దాంతో కాగితాన్నీ అట్టనూ కోయడం డై కటింగ్. మన ప్రెస్సుల వాళ్లు మాత్రం ఎక్కువగా ‘డై పంచింగ్’ అనే అంటారు.

మొన్న మా మనవరాలిని వెంటబెట్టుకుని అలాంటి షాపొకటి చూడబోయాను. ఇరుకు గది, నిలువుగా నోరు తెరిచి మూసే ఇనుప యంత్రం, దాని చుట్టూ మోకాలెత్తు అట్టముక్కల చెత్త. గోడకు వరుసగా చెక్క పలకలు వేలాడుతున్నాయి. ఒక్కో పలక ఒక్కో పెట్టెకు డై. మనవరాలు ఒకటి దగ్గరగా చూసి, “తాతా, దీంట్ల కత్తులు నిలబెట్టిన్రు గద, మరి ఈ రబ్బరు ముక్కలెందుకు?” అని అడిగింది. మెషిన్ మీదున్న భాయ్ నవ్వి, “కత్తి అట్టల దిగితే పట్టుకుంటది బిడ్డా, రబ్బరు బయటికి తోస్తది” అన్నాడు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ఆ పలక ఎలా తయారవుతుందో చెప్తాను. 18 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ తీసుకుంటారు. పెట్టె విప్పితే ఎలా ఉంటుందో ఆ బొమ్మ దాని మీద గీసి, గీతల వెంట సన్నని చీలికలు కోస్తారు. పూర్వం సన్నరంపంతో కోసేవారు, ఇప్పుడు లేజర్‌తో కోస్తున్నారు. ఆ చీలికల్లో ఉక్కు బద్దలు బిగిస్తారు. బద్ద మందం 0.7 మిల్లీమీటరు, ఎత్తు 23.8 మిల్లీమీటర్లు. ఎక్కడ కోయాలో అక్కడ పదునున్న బద్ద. ఎక్కడ మడవాలో అక్కడ కొన గుండ్రంగా ఉన్న మొద్దు బద్ద. ఈ రెండో బద్దను గుర్తుపెట్టుకోండి, అసలు కబురు దాని దగ్గరే ఉంది.

ముందు కోత సంగతి. కత్తి ఎందుకు కోస్తుంది? బలం ఎంతన్నది ఒక్కటే కాదు, ఆ బలం ఎంత చోటు మీద పడిందన్నది ముఖ్యం. ఒక చిన్న లెక్క వేద్దాం. డైలో కత్తి బద్దల పొడవంతా కలిపి 10 మీటర్లనుకోండి. కత్తి కొన వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకోండి. గుణిస్తే అట్టకు తగిలే చోటంతా కలిపి 5 చదరపు సెంటీమీటర్లు. యంత్రం 50 టన్నుల బలంతో మూసుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 10 టన్నులు. అదే 50 టన్నులను అర చదరపు మీటరు షీటు మొత్తం మీద సమంగా పరిస్తే చదరపు సెంటీమీటరుకు 10 కిలోలే పడతాయి, అట్ట చెక్కుచెదరదు. పదునంటే ఇదే. బలం అంతే, చోటు వెయ్యో వంతు.

ఇక్కడో చిక్కుంది. 10 మీటర్ల కత్తిలో ఒక మూల వెంట్రుకంత పల్లంగా ఉన్నా అక్కడ కోత పడదు. బలం పెంచితే మిగతా చోట్ల కత్తి మొద్దుబారుతుంది. అందుకని మొదట తక్కువ బలంతో ఒక షీటు నొక్కి, దీపం ముందు పట్టుకుని చూస్తారు. కోత పడని చోటు కనిపెట్టి, డై వెనకవైపు సరిగ్గా అక్కడ పల్చని టిష్యూ కాగితం ముక్క అంటిస్తారు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ చూస్తారు, మళ్లీ అంటిస్తారు. మిల్లీమీటరులో మూడు వందో వంతుల మందం కాగితం 50 టన్నుల యంత్రాన్ని దారికి తెస్తుంది. చూసేవాళ్లకు ఇది కాలయాపనలా ఉంటుంది గానీ, ఆ షాపులో అసలైన విద్య అదే. ఆ భాయ్ దీపం ముందు షీటు పట్టుకుని కళ్లు చికిలించినప్పుడు నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇక మొద్దు బద్ద. దీని ఎత్తు కత్తికన్నా కొంచెం తక్కువ, దాదాపు అట్ట మందమంత తక్కువ. 0.4 మిల్లీమీటరు అట్టకైతే 23.4 మిల్లీమీటర్ల బద్ద. అది అట్టను కోయదు, నొక్కుతుంది. కింద దానికి ఎదురుగా ఒక గాడి ఉంటుంది. గాడి వెడల్పుకు పనివాళ్లకో లెక్కుంది. అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి బద్ద మందం కలపాలి. 0.4కు ఒకటిన్నర రెట్లు 0.6, దానికి 0.7 కలిపితే 1.3 మిల్లీమీటర్లు. గాడి ఇరుకైతే అట్ట చిట్లుతుంది, వెడల్పయితే మడత ఎటు తిరగాలో తెలియక వంకర పోతుంది.

మన ఇళ్లలో గరిజెల చెక్క ఉంటుంది కదా, కోస్తావాళ్లు కజ్జికాయలంటారు. చెక్క మూస్తే అంచులు అతుక్కునేదీ, గీతలు పడేదీ, ఎక్కువైన పిండి తెగి రాలేదీ ఒకే నొక్కులో. పెట్టె డై కూడా అంతే, కోతా మడతా ఒకే దెబ్బలో. ఈ రెంటినీ కలపొచ్చని పారిశ్రామికంగా నిరూపించినవాడు రాబర్ట్ గెయిర్. స్కాట్లాండ్‌లో పుట్టి న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో కాగితం సంచుల వ్యాపారం చేసేవాడు. 1879లో ఒక రోజు విత్తనాల సంచులు అచ్చవుతుంటే, మడత గీత వేయాల్సిన లోహపు బద్ద ఒకటి జరిగి పైకి లేచి సంచులను కోసేసింది. సరుకు పాడైంది. గెయిర్ మాత్రం ఆ పాడైన సంచి దగ్గరే ఆగి ఆలోచించాడు. ఒక బద్ద ఎత్తుగా, ఇంకోటి పొట్టిగా పెడితే కోతా మడతా ఒకేసారి పడతాయి కదా అని. ఆ తర్వాత పెట్టెలు ఒక్కొక్కటిగా చేత్తో కోసి మడిచే పని పోయింది. పలచగా పరుచుకుని గోదాంలో పేర్చుకునే పెట్టె వచ్చింది.

ఇప్పుడు మిమ్మల్నో ప్రశ్న అడుగుతాను. మడత గీత పడినప్పుడు అట్టకు ఒక పక్క పల్లం, రెండో పక్క చిన్న గట్టు వస్తాయి. పెట్టె మడిచేటప్పుడు ఎటు మడవాలి? పల్లంవైపు అనే మనకు తోస్తుంది. పుస్తకం మూసినట్టు పల్లంలోకి మూస్తే సులువు కదా అని. కాదు. గట్టు లోపలికి వచ్చేలా మడవాలి. కారణం చెప్తాను.

పెట్టె అట్ట ఒకే ముద్ద కాదు, పొరల మీద పొరలు. మందపాటి అట్టను ఊరికే మడిస్తే బయటి పొర సాగాలి, లోపలి పొర కుంచించుకోవాలి. కాగితం రబ్బరు కాదు, కొంచెమే సాగి తెగిపోతుంది. మడత మీద తెల్లటి పగులు వచ్చి రంగు రాలేది అందుకే. మొద్దు బద్ద ఏం చేస్తుందంటే, ఆ గీత మేర పొరల మధ్య అతుకు సడలిస్తుంది. పోగులు తెగవు, పొరలు మాత్రం ఒకదాని మీద ఒకటి జరగగలుగుతాయి. తర్వాత మడిస్తే లోపలి పొరలు ఉబ్బి గట్టులా పక్కకు తప్పుకుంటాయి. బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది, పగలకుండా తిరుగుతుంది. అంటే అట్టలోనే తలుపు బందు తయారైందన్న మాట. అట్టకు జరిగిన గాయం పైకి కనబడదు, కావలసినంతే జరిగింది. మందుల పెట్టెను ఎన్నోసార్లు తీసి మూసినా మూత ఊడి రాకపోవడానికి కారణం ఇదే.

కత్తి బద్దలోనూ కావాలని కోయని చోట్లు ఉంటాయి. పదునైన అంచులో అక్కడక్కడ 0.3 నుంచి 0.5 మిల్లీమీటరు వెడల్పున చిన్న గాటు తీస్తారు. దీన్ని నిక్ అంటారు. గాటున్న చోట అట్ట తెగదు, పెట్టె ముక్క షీటుకు అతుక్కునే ఉంటుంది. ఇవి లేకపోతే యంత్రం షీటును లాగగానే ముక్కలన్నీ చెల్లాచెదురవుతాయి. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1890లో జోసెఫ్ బోబ్‌స్ట్ పెట్టిన కంపెనీ 1940లో తనంతట తాను షీటు లాక్కుని కోసే యంత్రం తెచ్చింది. అంత వేగంలో షీటు విడిపోకుండా రావాలంటే ఈ చిటికెడు కోయని చోట్లే ఆధారం. తర్వాత షీట్లను కట్టగా పేర్చి సుత్తితో తడితే చెత్త రాలిపోతుంది. మీ ఇంట్లో ఏ టూత్‌పేస్టు పెట్టె అంచు మీదైనా వేలు పోనిచ్చి చూడండి. ఎక్కడో చిన్న ముల్లులా తగులుతుంది. అది లోపం కాదు, ఆ పెట్టె షీటును పట్టుకుని వేలాడిన చోటు.

తపాలా బిళ్లల చిల్లులూ ఈ కుటుంబంవే. 1840లో బ్రిటన్ వేసిన మొదటి తపాలా బిళ్లకు చిల్లులు లేవు, కత్తెరతో కోసుకోవాల్సి వచ్చేది. హెన్రీ ఆర్చర్ చిల్లుల యంత్రం కనిపెట్టాక, 1854 నుంచి అక్కడ చిల్లుల బిళ్లలు మామూలయ్యాయి. చిల్లుల వరుస వెంట లాగితే మన బలమంతా చిల్లుకూ చిల్లుకూ మధ్య మిగిలిన సన్నని కాగితం మీదే పడుతుంది. అక్కడ మొదలైన చీలిక పక్క చిల్లుకు దారి వెతుక్కుంటుంది. చీలిక ఎటు పోవాలో ముందే గీసి పెట్టామన్న మాట.

ఇంకా సున్నితమైనది స్టిక్కరు పని. పై కాగితం తెగాలి, కింద ఉన్న జారుడు కాగితం తెగకూడదు. ఆ కింది కాగితం మందం సుమారు 0.06 మిల్లీమీటరు. కత్తి దాన్ని తాకీ తాకనట్టు ఆగాలి. ఒక్క పిసరు లోతుకు పోతే స్టిక్కరు వలిచేటప్పుడు అడుగు కాగితం చిరిగి వస్తుంది. ఒక్క పిసరు తక్కువైతే స్టిక్కరు ఊడదు. ఆడపిల్లలు పెట్టుకునే స్టిక్కరు బొట్లు, మీ నోటు పుస్తకాల మీది పేరు చీటీలు అన్నీ ఇంత లెక్కలోంచి వచ్చినవే.

అట్ట ఎక్కడిదో చెప్పకపోతే కబురు సగమే అవుతుంది. భద్రాచలానికి గోదావరి అవతల సారపాకలో అట్ట మిల్లు ఉంది. 1975లో ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా మొదలై, 1979లో ఉత్పత్తికి వచ్చి, 2002లో ఐటీసీలో కలిసింది. ఆ విభాగం ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డులోనే ఉంది. మన రైతులు పెంచిన జామాయిలు, సుబాబుల్ కట్టె అక్కడ గుజ్జై, గుజ్జు పరుగెత్తే జల్లెడ మీద పడి అట్టవుతుంది. జల్లెడ పరుగెత్తే దిక్కునే పోగులు ఎక్కువగా పడుకుంటాయి. అందుకే అట్టకు నిలువూ అడ్డమూ ఒకటి కాదు. పోగుల వెంట మడిస్తే సులువు, అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. తేమ తగిలితే పోగు పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. వానాకాలంలో అట్ట ఒక దిక్కుకే వంగి దోనెలా తయారవడం అందుకే. ఏప్రిల్, మే ఎండల్లో తేమంతా పోయి అదే అట్ట మడత దగ్గర పెళుసై పగులుతుంది. డై గీసేవాడు ముందు అట్ట దిక్కు చూస్తాడు. మామూలుగా పెట్టె నాలుగు నిలువు మడతలకు అడ్డంగా పోగులుండేలా పెడతాడు, అప్పుడు పెట్టె పక్కలు ఉబ్బవు. మడత కష్టమవుతుంది కదా అంటారేమో, ఆ కష్టం తీర్చడానికే మొద్దు బద్ద ఉంది.

పెట్టెలకు మన ఊళ్లో ఇంత గిరాకీ ఎందుకంటే ఒక ముఖ్య కారణం మందులు. 1960లలో బాలానగర్ దాపున ఐడీపీఎల్ వచ్చింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇంకెన్నో మందుల కంపెనీలు పుట్టాయి. ప్రతి సీసాకు, ప్రతి మాత్రల పట్టీకి ఒక పెట్టె కావాలి. యూరప్‌కు పోయే పెట్టె మీదయితే మందు పేరు బ్రెయిలీ చుక్కల్లో ఉండాలని అక్కడి 2004 నాటి ఆదేశం. కోత, మడత, చుక్క మూడూ ఒకే యంత్రం ఒకే నొక్కులో వేయగలదు. చూపులేని మనిషి రాత్రిపూట వేలితో తడిమి సరైన మందు తీసుకోగలగడం నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. బాలానగర్‌లోనే 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నెలకొల్పింది. లోహాన్ని వంచే, కోసే డైలు గీయడం అక్కడ నేర్పుతారు. పదో తరగతి తర్వాత చేతిపనీ లెక్కలూ రెండూ ఇష్టమైన పిల్లలు ఆ గడప ఒకసారి తొక్కి చూడాలి.

పెళ్లి పత్రికల సంగతి క్లుప్తంగా. పత్రిక మీద వినాయకుడి ఆకారం కోయాలంటే ఇప్పుడు లేజర్ ఉంది. యాభై పత్రికలకు అదే మేలు, డై చేయించే ఖర్చు తప్పుతుంది. వేల పత్రికలయితే డైదే పైచేయి. లేజర్ గీత గీతా కాలుస్తూ పోవాలి, డై ఒక్క నొక్కులో ముగిస్తుంది. లేజర్ కోసిన అంచున లేత గోధుమరంగు కాలుడు గీత కూడా కనిపిస్తుంది. పసుపు రాస్తే అది కొంత మరుగుపడుతుంది లెండి. అచ్చు విద్యలో హైదరాబాద్‌కు దేశంలో పేరు తెచ్చినవాళ్లలో 1962లో ప్రగతి ప్రెస్సు పెట్టిన పరుచూరి హనుమంతరావు గారు ఒకరు. ఆ సంస్థ తర్వాత ప్యాకేజింగ్ పెట్టెల్లోకీ వచ్చింది.

ఇంట్లో చేసి చూడండి. ఖాళీ మందుల పెట్టె అతుకును మెల్లగా ఊడదీసి పరవండి. మడతల లోపలివైపు గట్లను వేలితో తడమండి. పాత న్యూస్‌పేపరును నిలువుగా చించండి, తర్వాత అడ్డంగా చించండి. ఒకవైపు తిన్నగా, ఒకవైపు వంకరటింకరగా చిరుగుతుంది. పోగులు ఎటు పడుకున్నాయో మీ చేతులే చెప్తాయి. ఒకే అట్టలోంచి రెండు పట్టీలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా కోసి, బల్ల అంచున సమానంగా బయటికి జాపి చూడండి. ఏది ఎక్కువ వంగిందో నాకు రాయండి.

ప్రెస్సులు నడిపే పెద్దలకు ఒక మాట. చదరపు సెంటీమీటరుకు 10 టన్నులని ఇందాక లెక్క వేశాం. చేత్తో షీటు పెట్టి తీసే యంత్రంలో ఆ నోటి ముందు ఉండేది మనిషి వేళ్లు. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చెయ్యి లోపలుండగా యంత్రం మూసుకోకుండా ఆపే గార్డు పనిని నెమ్మదింపజేస్తుందని దాన్ని తీసి పక్కన పెట్టే షాపులు ఇంకా ఉన్నాయి. అది చాలా తప్పు. గార్డు బిగించండి, అత్యవసరంగా ఆపే మీట పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున చూడండి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఆ యంత్రం దగ్గరికి రానివ్వకండి.